కాపలా కాసే ఉడుము, గుడ్డు పాతిపెట్టి పోయే పక్షి

ఇండోనేషియాలోని కొమోడో దీవిలో ఒక తల్లి ఆకులూ మట్టీ కలిసిన దిబ్బలో గుడ్డు పాతిపెడుతుంది. పిల్ల బయటికొచ్చినా దాని ముఖం చూడదు, తిండి పెట్టదు. ఎదురుపడినా తన పిల్లే అని గుర్తుపట్టదు. అదే దీవిలో ఇంకో తల్లి గుడ్లు పెట్టిన చోటును వారాల తరబడి అంటిపెట్టుకుని ఉంటుంది. దగ్గరికొచ్చిన వాటిని తరిమికొడుతుంది. ఈ రెండింటిలో ఒకటి పక్షి, ఒకటి బల్లి జాతి. బడిలో చదువుకున్న లెక్కన మొదటిది బల్లి, రెండోది పక్షి అయ్యుండాలి. కానీ వ్యవహారం సరిగ్గా తలకిందులుగా ఉంది.

పాతిపెట్టి పోయేది నారింజ కాళ్ల స్క్రబ్‌ఫౌల్ అనే అడవి పక్షి. కాపలా కాసేది కొమోడో డ్రాగన్, ప్రపంచంలో అతి పెద్ద ఉడుము. పైగా చాలాసార్లు ఈ రెండూ వాడుకునేది ఒకే రకం దిబ్బ: పక్షి కట్టిన దాన్నే ఉడుము ఆక్రమిస్తుంది.

ఒక భారీ ఉడుమునూ ఒక అడవి పక్షినీ పక్కపక్కన పెడితే జనం సాధారణంగా అడిగేది ఏది బలమైనది, ఏది దేన్ని తింటుంది అని. దానికి పెద్ద విశ్లేషణ అక్కర్లేదు. మూడు మీటర్ల ఉడుముకు కిలో అటూఇటూ బరువుండే పక్షి దొరికితే మిగలదు. చిక్కంతా పోలికల్లో ఉంది. ఈ రెండు జీవుల మధ్య కనిపించే పోలికల్లో కొన్ని పూర్వీకుల నుంచి వచ్చినవి, కొన్ని దేనికది విడిగా సంపాదించుకున్నవి, కొన్ని ఆ దీవి పుణ్యమా అని వచ్చినవి. మూడింటినీ ఒకే గాటన కడితే "బల్లి వెనకబడిన జీవి, పక్షి ముందుకెళ్లిన జీవి" అనే పాత తప్పు లెక్క దగ్గరే ఆగిపోతాం.

ముందు ఉడుము గురించి క్లుప్తంగా. కొమోడో, రింకా, ఇంకో రెండు మూడు చిన్న దీవులు, ఫ్లోరెస్ దీవిలో కొన్ని చోట్ల మాత్రమే ఇది ఉంది. బయటి ప్రపంచానికి శాస్త్రీయంగా పరిచయమైంది 1912లో. అప్పటి డచ్చి పాలనలో ఉన్న జావాలో, బోగోర్ మ్యూజియం అధిపతి పీటర్ ఔవెన్స్ దానికి పేరు పెట్టాడు. పెద్ద మగది మూడు మీటర్ల దాకా పెరుగుతుంది, అడవిలో బరువు 70 కిలోల వరకు తూగుతుంది. జింకలను, అడవిపందులను, అప్పుడప్పుడు దున్నలను కూడా పడగొడుతుంది. దాని నోట్లోని బాక్టీరియా వల్లే వేట చచ్చిపోతుందన్న కథ చాలాకాలం నడిచింది. కింది దవడలో విషగ్రంథులున్నాయని 2009లో బ్రయాన్ ఫ్రై బృందం చూపించాక ఆ కథకు బలం తగ్గింది. టీవీ కార్యక్రమాల్లో మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. పళ్ల అంచులకు ఇనుము పూత ఉందని 2024లో తేలింది. ఇవన్నీ ఆసక్తికరమే కానీ, మన పోలికకు అసలు సరుకు దాని పళ్లలో లేదు, గూటిలో ఉంది.

ఇక పక్షి. స్క్రబ్‌ఫౌల్ చూపుకు గొప్పగా ఏమీ ఉండదు. కోడంత సైజు, గోధుమ, బూడిద రంగుల ఒళ్లు, తల మీద చిన్న కుచ్చు, ఒంటికి మించిన బలమైన నారింజ కాళ్లు. చిన్న సుందా దీవుల నుంచి న్యూగినీ దక్షిణ భాగం, ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉంటుంది. డార్విన్ నగరంలోనైతే ఇళ్ల పెరళ్లలోకి వచ్చి తోటలన్నీ కెలికేస్తుంది. ఇది మెగాపోడ్ కుటుంబానికి చెందింది. ఈ కుటుంబంలో ఏ పక్షీ గుడ్ల మీద పొదగదు. గుడ్లకు వేడి బయటి నుంచే రావాలి. సులవేసిలో ఉండే మాలియో అనే పక్షి ఎండకు కాగిన సముద్రపు ఇసుకలోనో, భూగర్భ వేడి ఉన్న నేలలోనో గుడ్డు పాతుతుంది. స్క్రబ్‌ఫౌల్ దారి వేరు. ఆకులు, పుల్లలు, మట్టి కాళ్లతో వెనక్కి తన్నుతూ పోగుచేసి మీటర్ల వెడల్పున దిబ్బ వేస్తుంది. వాన పడ్డాక ఆకులు కుళ్లడం మొదలవుతుంది, ఆ కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తాయి. పశువుల పెంటకుప్పను తవ్వినప్పుడు లోపల్నుంచి ఆవిరి వచ్చేది కూడా ఇందుకే. ఒక పక్షి ఒళ్లు ఇవ్వగల వేడికి ఎన్నో రెట్లు ఆ దిబ్బే ఇస్తుంది. ఒకే దిబ్బను ఏళ్ల తరబడి పెంచుతూ పోతాయి, ఒక్కోసారి ఒకటికి మించిన జంటలు కలిసి వాడుకుంటాయి.

కాబట్టి ఈ పక్షికి బద్ధకమని అనడానికి లేదు. చాకిరీ అంతా దిబ్బ మీదే పెడుతుంది, పిల్ల మీద పెట్టదు. ఆ లోటును ముందే గుడ్డులో భర్తీ చేస్తుంది. కోడిగుడ్డు లోపలి సరుకులో పచ్చసొన మూడోవంతు ఉంటే, మెగాపోడ్ గుడ్డులో సగం, కొన్ని జాతుల్లో అంతకన్నా బాగా ఎక్కువ. తల్లి బరువులో పది నుంచి ఇరవై శాతం ఒక్క గుడ్డే తూగుతుంది. అందుకే అన్నీ ఒకేసారి పెట్టలేదు. ఒక గుడ్డుకూ ఇంకో గుడ్డుకూ మధ్య రోజులు గడుస్తాయి. ఏడెనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఆ వేడిలో ఉన్న పిల్ల కాళ్లతో తన్ని పెంకు పగలగొట్టుకుంటుంది. మిగతా పక్షిపిల్లల్లా ముక్కుతో పొడవదు. తర్వాత గంటల తరబడి మట్టి తోసుకుంటూ పైకి వస్తుంది. రావడమే ఆలస్యం, ఈకలతో, తెరిచిన కళ్లతో పొదల్లోకి పరుగు. కొద్ది గంటల్లోనే ఎగరగలదు కూడా. అమ్మానాన్నల మొహం ఎరగదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా వేర్వేరు రోజుల్లో పుడతారు కాబట్టి వాళ్లనీ ఎరగదు.

1521లో మాగెల్లాన్ ఓడల్లో ప్రయాణించిన పిగాఫెట్టా, ఫిలిప్పీన్స్‌లో కోడంత పక్షి పెద్ద పెద్ద గుడ్లను ఇసుకలో పాతుతుందని రాసుకొచ్చాడు. గుడ్డు మీద కూర్చోని పక్షి ఉంటుందంటే యూరప్‌లో నమ్మేవాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో చెప్పలేం.

"చీమలు పెట్టిన పుట్టలు పాములకు ఇరవైనట్టు" అని మనకో మాట ఉంది. కొమోడోలో జరిగేది దానికి అచ్చమైన ఉదాహరణ. ఆడ ఉడుము సెప్టెంబరు ప్రాంతంలో గుడ్లు పెడుతుంది. కొండవాలులో బొరియ తవ్వుకోగలదు, చదును నేలలోనూ తవ్వుకోగలదు. టిమ్ జెస్సప్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో ఈ మూడు రకాల గూళ్లనూ పోల్చి చూస్తే, ఉడుములు ఎక్కువగా ఎంచుకున్నది స్క్రబ్‌ఫౌల్ దిబ్బలనే. కారణం ఊహించడం కష్టం కాదు. గట్టి నేలను గోళ్లతో తవ్వడం కంటే పక్షి అప్పటికే కుప్పపోసిన వదులు మట్టిని తవ్వడం తేలిక. ఆ కుప్పలో ఉడుము ఒక్క గొయ్యితో ఆగదు. దొంగలను తప్పుదోవ పట్టించడానికేమో అన్నట్టు ఖాళీ గోతులు కూడా తవ్విపెడుతుంది. ఒకదాంట్లో ఇరవై దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, పైన కాపలా కూర్చుంటుంది. ఎందుకంటే ఇంకో ఆడ ఉడుము వచ్చి అదే చోట తవ్వితే ఈ గుడ్లు పోయినట్టే. వానలు మొదలయ్యాక వెళ్లిపోతుంది. గుడ్లు పిల్లలు కావడానికి మొత్తం ఏడెనిమిది నెలలు పడుతుంది. ఏప్రిల్ ప్రాంతంలో పిల్లలు బయటికొచ్చేసరికి తల్లి ఉండదు, ఉన్నా ప్రమాదమే. పెద్ద ఉడుములు పిల్ల ఉడుములను తింటాయి. అందుకే జానెడున్నర పిల్ల వెంటనే చెట్టెక్కుతుంది. మొదటి కొన్నేళ్లు కొమ్మల మీదే పురుగులు, చిన్న బల్లులు తింటూ బతుకుతుంది. పుట్టగానే నేల మీద పరుగెత్తే పక్షిపిల్ల, పుట్టగానే చెట్టెక్కే బల్లిపిల్ల: ఈ దీవిలో ఏదీ పాఠ్యపుస్తకం ప్రకారం నడవదు.

మరి పక్షి ఇలా సరీసృపంలా ప్రవర్తించడమేమిటి? చాలాకాలం ఇచ్చిన సమాధానం, ఇది పాతకాలపు పక్షి, సరీసృపాల అలవాటు ఇంకా వదలలేదు అని. వినడానికి సబబుగానే ఉంది. కానీ తప్పు. మెగాపోడ్‌లు కోళ్లకు, నెమళ్లకు, టర్కీలకు చుట్టాలు. ఆ వంశంలో మొదట్లోనే విడిపోయిన కొమ్మ. వాటి పూర్వీకులు మామూలుగా గుడ్ల మీద కూర్చున్నవే. ఇంకా వెనక్కి వెళ్తే, గోబీ ఎడారిలో 1990లలో దొరికిన ఒక శిలాజంలో, పక్షులకు దగ్గరి బంధువైన డైనోసార్ గుడ్ల చుట్టూ చేతులు చాపి కూర్చున్న భంగిమలోనే రాయిగా మారింది. అంటే గూటి మీద కూర్చోవడం పక్షుల కన్నా పాతది. పొదగడం మానేసి పాతిపెట్టడమే కొత్త. అంటే ఈ పక్షి ఉడుమును పోలింది వారసత్వం వల్ల కాదు, పొదగడం అనే వారసత్వాన్ని వదులుకోవడం వల్ల.

ఇక్కడ వంశవృక్షం ఒకసారి సరిచూసుకోవాలి, ఎందుకంటే చాలామందికి చిక్కుపడేది ఇక్కడే. మొసలి, ఉడుము, తాబేలు, పాము అన్నీ సరీసృపాలు, పక్షులు వేరే అని మనం విడగొట్టుకున్నాం. బంధుత్వం అలా లేదు. మొసలికి బతికి ఉన్న జీవుల్లో అత్యంత దగ్గరి చుట్టం పక్షి. ఉడుము కాదు. ఉడుములు, పాములు, బల్లులు ఒక శాఖ. మొసళ్లు, డైనోసార్లు, పక్షులు ఇంకో శాఖ. ఈ రెండూ విడిపోయి పాతిక కోట్ల సంవత్సరాలు దాటింది. ఉప్పునీటి మొసలి ఒడిశాలోని భితరకనికలో ఏం చేస్తుందో చూస్తే ఈ బంధుత్వం ఇంకా బాగా అర్థమవుతుంది. గడ్డీగాదం దిబ్బగా పోసి, గుడ్లు పెట్టి, కాపలా కాసి, పిల్లలను నోట కరచుకుని నీళ్లలోకి తీసుకెళ్తుంది. కాబట్టి కొమోడోకూ స్క్రబ్‌ఫౌల్‌కూ ఉమ్మడిగా ఏదైనా కనిపిస్తే, "సరీసృపం కదా" అనేసి ఊరుకోవడానికి వీల్లేదు. అది పాతిక కోట్ల ఏళ్లకు ముందు నుంచి వస్తున్నదైనా కావాలి, రెండు శాఖల్లో విడివిడిగా పుట్టినదైనా కావాలి.

ఊపిరితిత్తుల విషయంలో ఈ పంచాయితీ ఇంకా తెగలేదు. మనం గాలి పీల్చినప్పుడు అది లోపలికి వెళ్లి, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. పక్షుల్లో అలా కాదు. గాలితిత్తుల సాయంతో ఊపిరితిత్తిలోని చిన్న గొట్టాల గుండా గాలి పీల్చినా వదిలినా ఒకే దిశలో పోతుంది. అది ఎగరడం కోసం పక్షులు ప్రత్యేకంగా సంపాదించుకున్నదని అందరూ అనుకున్నారు. 2010లో కొలీన్ ఫార్మర్, ఆమె సహచరుడు కలిసి మొసలి జాతికే చెందిన అమెరికన్ ఎలిగేటర్‌లోనూ ఇదే చూపించారు. సరే, మొసలి పక్షికి చుట్టమే కదా. కానీ 2013లో ఆమె బృందమే ఆఫ్రికా సవానా ఉడుములోనూ గాలి ఒకవైపే పోతోందని ప్రచురించింది. ఎగరని, పరుగులో ఎక్కువసేపు నిలవలేని జీవికి ఇది ఎందుకు? ఇది రెండు శాఖలు విడిపోకముందు నుంచీ ఉన్న ఏర్పాటై ఉండొచ్చు, అప్పుడు ఎగరడానికీ దీనికీ సంబంధం లేదు. లేదా విడివిడిగా పుట్టి ఉండొచ్చు. రెండు వాదాలకూ మద్దతుదారులు ఉన్నారు. నాకైతే మొదటిదే నమ్మదగినదిగా అనిపిస్తుంది, కానీ బల్లుల్లో ఇంకా ఎన్ని జాతులను పరిశీలిస్తే అంత మంచిది.

ఉడుముకు ఊపిరి విషయంలో ఇంకో సమస్య ఉంది. బల్లి పరుగెత్తేటప్పుడు ఒళ్లు పక్కలకు వంకర్లు తిరుగుతుంది. అదే పక్క కండరాలు ఊపిరికీ కావాలి. రెండు పనులూ ఒకేసారి కుదరవు. అందుకే మామూలు బల్లి కాస్త పరుగెత్తి ఆగుతుంది. ఉడుము దీనికి ఒక ఉపాయం కనిపెట్టుకుంది: గొంతును ఉబ్బించి, నోటి నుంచి గాలిని ఊపిరితిత్తుల్లోకి తోసేస్తుంది. మన పొలాల్లో ఉడుము గొంతు ఉబ్బిస్తుండగా చూసినవాళ్లు అది కోపంతో బుసకొడుతోందని అనుకుంటారు. 1999లో పరిశోధకులు ఉడుములను ట్రెడ్‌మిల్ మీద నడిపించి, గొంతు పంపు పనిచేయకుండా నోటికి అడ్డుపెట్టి చూశారు. వెంటనే వాటి ఊపిరి సరిపోకుండా పోయింది. కొమోడో జన్యుపటాన్ని 2019లో చదివినప్పుడు, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సంబంధించిన జన్యువుల్లో ప్రత్యేకమైన మార్పులు కనిపించాయి. చల్లని రక్తపు జీవి అంటే మందకొడి జీవి అనుకునేవాళ్లకు ఇవన్నీ చూపించాలి.

అయినా తేడా లేదని కాదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒకే బరువున్న పక్షి, బల్లి కంటే పది రెట్లు పైగా ఇంధనం కాలుస్తుంది. స్క్రబ్‌ఫౌల్ రోజంతా నేల గీరుతూ పురుగులు, పండ్లు, గింజలు ఏరుకోవాల్సిందే. కొమోడో ఒక జింకను మింగి, ఎండలో పడుకుని రోజులు వెళ్లదీస్తుంది. చిన్న దీవిలో అంత పెద్ద మాంసాహారి బతకగలగడానికి ఈ పొదుపే ముఖ్య కారణం. అక్కడ పులిని వదిలితే ఆ జింకల మంద దానికి ఎంతకాలం సరిపోతుంది?

ఇక పోలికల్లో అత్యంత మోసకారిది ఒకటి. మనుషుల్లో మగవాళ్లకు ఎక్స్, వై అనే రెండు వేర్వేరు క్రోమోజోములు ఉంటాయి. పక్షుల్లో ఇది తిరగబడుతుంది. ఆడదానికి జడ్, డబ్ల్యూ. మగదానికి రెండూ జడ్‌లే. కొమోడోలోనూ అచ్చం ఇదే. చూడగానే ఇది ఒకే మూలం నుంచి వచ్చిందనిపిస్తుంది. రాలేదు. ఉడుములలో లింగాన్ని నిర్ణయించే క్రోమోజోములోని జన్యువులు కోడిలో పూర్తిగా వేరే చోట, 28వ క్రోమోజోము మీద ఉన్నాయి. పేర్లు మాత్రమే ఒకటి, సరుకు వేరు. రెండు శాఖలూ విడివిడిగా ఒకే పద్ధతికి చేరుకున్నాయి.

ఈ పద్ధతి వల్ల ఒక వింత ఫలితం కూడా రెండింటిలో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే ఆడ కొమోడో మగదాని తోడు లేకుండానే గుడ్లు పెట్టిందని 2006 చివర్లో ప్రకటించారు. జన్యు పరీక్షలో తండ్రి లేడని రుజువైంది. అలా పుట్టిన పిల్లలన్నీ మగవే. ఎందుకంటే తల్లి అండంలోని ఒక్క క్రోమోజోమే రెట్టింపవుతుంది: రెండు జడ్‌లు వస్తే మగది, రెండు డబ్ల్యూలు వస్తే బతకదు. టర్కీ కోళ్లలో ఇలాంటి తండ్రిలేని మగపిల్లల సంగతి 1950ల నుంచే తెలుసు. 2021లో కాలిఫోర్నియా కాండర్ రాబందుల్లోనూ ఇలాంటి మగపిల్లలు రెండు బయటపడ్డాయి. ఒంటరిగా ఒక దీవికి ఈదుకొచ్చిన ఆడ ఉడుము మొదట మగపిల్లలను కని, తర్వాత వాటితోనే వంశాన్ని నిలబెట్టగలదని కొందరు ఊహిస్తారు. అలా జరిగితే జన్యువైవిధ్యం గతి ఏమిటన్నది వేరే ప్రశ్న.

మెగాపోడ్‌ల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆస్ట్రేలియా బ్రష్‌టర్కీ అనే మెగాపోడ్ దిబ్బల్లో ఉష్ణోగ్రత తగ్గితే మగపిల్లలు, పెరిగితే ఆడపిల్లలు ఎక్కువగా బయటికొస్తాయని అన్ గోత్, డేవిడ్ బూత్ 2005లో చూపించారు. మొసళ్లు, తాబేళ్లలో వేడే లింగాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి ఇక్కడా అదేనని అనిపిస్తుంది. కానీ ఇక్కడ లింగం క్రోమోజోములతోనే తేలిపోయి ఉంటుంది. వేడి చేసేది వేరే పని: అనుకూలం కాని ఉష్ణోగ్రతలో ఒక లింగపు పిండాలు ఎక్కువగా చనిపోతాయి. పైకి ఫలితం ఒకటే, లోపల యంత్రం వేరు.

ఇవి రెండూ ఒకే దిబ్బ దగ్గర కలవడానికి కారణం భూగోళం. 1856లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ బాలి నుంచి పక్కనే ఉన్న లాంబాక్‌కు దాటినప్పుడు పక్షులు ఒక్కసారిగా మారిపోవడం గమనించాడు. ఆ జలసంధి లోతు వల్ల ఆసియా జంతువులు ఇటు, ఆస్ట్రేలియా జంతువులు అటు ఆగిపోయాయి. లాంబాక్‌లో అతనికి ఎదురైన కొత్త పక్షుల్లో దిబ్బ కట్టే మెగాపోడ్ ఒకటి. కొమోడో దీవి ఆ సరిహద్దుకు, అంటే వాలెస్ గీతకు, తూర్పునే ఉంది. కొమోడో ఉడుము శిలాజాలు కూడా ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో, ముప్పై లక్షల ఏళ్లకు పైబడిన పొరల్లో దొరికాయని 2009లో వెల్లడైంది. రెండూ ఆ వైపు నుంచి వచ్చినవే.

ఈ లెక్క తప్పించే మెగాపోడ్ ఒకటి మన దేశంలోనే ఉంది. గీతకు ఎంతో పడమరగా, నికోబార్ దీవుల్లో నికోబార్ మెగాపోడ్ బతుకుతోంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. తీరానికి ఆనుకుని ఇసుక, ఆకులు కలిపి దిబ్బలు వేస్తుంది. అక్కడా దాని గుడ్ల కోసం నీటి ఉడుములు కాచుకుని ఉంటాయి. మన పల్లెల్లో కనిపించే మామూలు ఉడుము కూడా అప్పుడప్పుడు చెదల పుట్టల్లో గుడ్లు పెడుతుంది. ఇంకొకరు కట్టిన వెచ్చని గూటిని వాడుకోవడం ఈ వంశంలో కొమోడో ఒక్కదానికే పరిమితం కాలేదు. మనదాన్నీ, నికోబార్ పక్షినీ వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లోనే పెట్టారు. అయినా ఉడుమును మాంసం కోసం, నూనె కోసం పట్టడం ఆగలేదు.

తీరంలోనే దిబ్బ వేసే అలవాటు నికోబార్ పక్షికి 2004 సునామీలో శాపమైంది. దిబ్బలు చాలావరకు కొట్టుకుపోయాయి, సంఖ్య బాగా పడిపోయింది. కొమోడో వైపు చూస్తే, పెరిగే సముద్రమట్టం, వేడి వల్ల అనువైన నేల తగ్గుతుందన్న అంచనాతో 2021లో ఆ ఉడుమును అంతర్జాతీయ జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతిగా చేర్చారు. అదే ఏడాది జనవరిలో గ్రేట్ నికోబార్‌లోని గలథియా బే అభయారణ్యానికి ఆ హోదా తీసేయడానికి జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం ఒప్పుకుంది. అక్కడ కంటైనర్ల ఓడరేవు కట్టాలన్నది ప్రణాళిక. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, మెగాపోడ్ దిబ్బలు వేసే తీరం కూడా అదే.